ముల్లు నడిమేకు దాటాలి

“ముల్లు నడిమికే పడాలే,” అన్నాడాయన.

“పడకూడదు మావా. దాటాలి,” అన్నాను నేను.

మా మొగుడూ పెళ్లాల మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఆ మధ్యాహ్నం ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు, మళ్లీ నోరు విప్పలేదు. ఇంత కాపురం చేసి ఆఖరికి మాట్లాడుకున్నది రికార్డు ప్లేయరు ముల్లు గురించా అని మావాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. అవును, దాని గురించే. పిల్లల చదువుల గురించి కూడా మేము అంతగా పోట్లాడుకోలేదు. మా పని ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే వాళ్ల కోసం ఆ పోట్లాట మొదలైన సంగతి చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు పార్వతి రాస్తోంది. టెక్కలి పిల్ల, తెలుగు శుభ్రంగా రాస్తుంది. కలకత్తాలో పుట్టిన నా కొడుక్కి అది చేతకాదు.

నేను మైకుసెట్టు పనిలోకి దిగింది బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన రెండు మూడేళ్లకు. కలకత్తా ఓడరేవు పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో మాకొక చిన్న కొట్టు ఉండేది. బోర్డు మీద పేరు మా ఆయనది, సింహాద్రి. ఆయన అంతకు ముందు డాక్‌లో ఖలాసీ. మొదట కొన్నేళ్లు చిప్పింగ్ పని. అంటే ఓడ అడుగున ఉండే ఇనప ట్యాంకుల్లోకి దిగి సుత్తెలతో తుప్పు రాలగొట్టడం. డబ్బాలో కూర్చోబెట్టి పదిమంది బయట నుంచి బాదుతున్నట్టు ఉంటుందని చెప్పేవాడు. తర్వాత క్రేను హుక్కు దిగే చోట నిలబడి చేతులతో సైగలు చేసే పనికి మార్చారు. నడుము పట్టేశాక ఆ ఉద్యోగం వదిలి కొట్టు పెట్టాడు.

మైకుసెట్టు పనిలో రెండు హోదాలు. స్తంభాలెక్కి లౌడ్ స్పీకరు హారన్లు కట్టి తీగ లాగేవాడు లైన్‌మన్. రికార్డు ప్లేయరు పెట్టె ముందు కూర్చుని పాటల ప్లేట్లు మార్చేవాడు ఆపరేటర్. ఆపరేటర్‌కు కుర్చీ వేస్తారు, టీ ముందు అతనికే ఇస్తారు. మొదట్లో రెండూ ఆయనే చేసేవాడు, నేను తీగలు చుట్టి, ప్లేట్లు తుడిచేదాన్ని. ఒక్కడికి సాగడం లేదని కొన్నాళ్లకు ఆపరేటర్ కుర్చీ నాకు వచ్చింది. ఆడది ఆపరేటరేమిటి, అక్షరం రానిది ఏ పాట ఏదో ఎలా పోలుస్తుంది అని కొందరు అన్నారు. ప్లేటు మధ్యనున్న కాగితం రంగు, దాని మీది మరకలు నాకు గుర్తు. పాటకూ పాటకూ మధ్య నున్నటి నల్లటి వలయం ఒకటి ఉంటుంది. ఆ వలయాలు చూసి ముల్లు దించేదాన్ని. అది చదువు కాకపోతే మరేమిటో నాకు తెలియదు.

పెట్టెను తయారుచేసింది మాత్రం ఆయనే. మోటారు ఒక పాత మిషనుది, ముల్లును మోసే చేయి మరో మిషనుది, పెట్టె చెక్క విరగ్గొట్టిన ఓడ టేకుది. చేతి చివర తల ఉంటుంది, ఆ తలలో ముల్లు ఉండే చిన్న డబ్బీని రెండు మరలతో బిగిస్తారు. మర రంధ్రాలు గుండ్రంగా కాక పొడుగ్గా ఉంటాయి కాబట్టి డబ్బీని ముందుకూ వెనక్కూ జరపొచ్చు. ఎక్కడ బిగించాలన్నదే ప్రశ్న. మా ఆయనకు అందులో ప్రశ్నే లేదు. తిరిగే పళ్లెం నడుమ ప్లేటును పట్టి ఉంచే చిన్న మేకు ఉంటుంది కదా, చేతిని దాని పైకి తిప్పి, ముల్లు మొన సరిగ్గా మేకు నెత్తి మీద ఉండేలా బిగించాడు. డాక్‌లో క్రేను హుక్కు ఓడలో సరుకు దించే గొయ్యికి నడిమధ్యన దిగాలి, పక్కకు దిగితే కింద మనిషి తల పగులుతుంది. ఆయన అన్నాళ్లూ చేసింది ఆ నడిమి చూడడమే. ఇక్కడా అదే చూశాడు. ఎంత సరిగ్గా బిగించాడో నన్ను పిలిచి చూపించాడు కూడా.

ఆ పెట్టె మీద ఏ పెద్ద ప్లేటు వేసినా మొదటి పాట తేనెలా ఉండేది. లోపలికి పోయేకొద్దీ గాయని నోట్లో ఇసక పడేది. ఆఖరి పాటలో ‘స’ వస్తే పెనం మీద నీళ్లు చల్లినట్టు స్స్ మనేది, ‘శ్రీ’ అంటే చిరిగిపోయేది. సినిమా పాటలైతే ఎవరూ పట్టించుకోరు, గోలలో కలిసిపోతుంది. మా ఖర్మకు భక్తి పాటల ప్లేట్లన్నింటిలోనూ మంగళహారతి ఆఖరున ఉంటుంది. హారతిని ముందు పెట్టిన ప్లేటు ఒక్కటీ నేను చూడలేదు. పోనీ హారతి పాటలో ‘స’ లేకుండా రాస్తారా అంటే, అడుగడుగునా ‘శ్రీ’యే.

మా శ్రీకాకుళం వాళ్లందరూ కలిసి ఏటా అమ్మవారి సంబరం చేసేవారు. ఆ ఏడాది హారతి వేళకు ఆడవాళ్లు పళ్లేల్లో కర్పూరం వెలిగించుకుని వరసగా నిలబడ్డారు. నేను వలయం చూసి ముల్లు దించాను. హారన్లలోంచి స్స్, శ్శ్ అని వచ్చింది. వెనక నిలబడ్డ పిల్లలు అదే చప్పుడు నోటితో మొదలుపెట్టారు. ఒకామె నవ్వు ఆపుకోలేక ఊపిరి వదిలి తన కర్పూరం తానే ఆర్పేసుకుంది. మర్నాటి నుంచి వీధిలో మాది ‘పాము మైకు’.

తర్వాతి సంబరానికి ముందు కమిటీ పెద్ద పోలయ్య కొట్టుకు వచ్చాడు. డాక్‌లో కూలీల ముఠాకు సర్దారు, వరసకు మా ఆయనకు మామ అవుతాడు. చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉంటుంది.

“ఒరే సింహాద్రీ, అమ్మోరి హారతికి నువ్వు పామును పిలిసినట్టున్నాదిరా,” అన్నాడు. “కర్పూరం ఎలిగించేసరికి బుస కొడతాది.”

“బుసేటి మావా? ప్లేటు శుబ్బరంగా పాడతన్నాది,” అన్నాడు మా ఆయన.

“నీకు ఇనబడ్నేదేటి?”

“ఉంటే కదా ఇనబడ్డానికి!”

పోలయ్య నా వైపు చూశాడు. నేను తీగ చుట్టుకుంటూ తల దించుకున్నాను.

“ఇది నా మాట కాదు, కమిటీ మాట,” అన్నాడు పోలయ్య లేస్తూ. “ఈ ఏడు మల్లీ బుస కొట్టినాదంటే టికియాపారా క్యాసెట్టోడిని పిలిసీస్తాం. ఆడిది టేపు, ముల్లూ నేదు, గిల్లూ నేదు.”

సంబరం పోవడమంటే ఒక్క సంబరం పోవడం కాదు. ఏక్‌బాల్‌పూర్‌లో మావాళ్ల పెళ్లిళ్లకూ, పురుళ్లకూ, బారసాలలకూ ఎవరి మైకు పిలవాలన్నది ఆ సంబరంలో విని తేల్చుకునేవారు. అది చేజారితే కొట్టు మూసుకోవడమే. మళ్లీ డాక్‌లోకి వెళ్లడానికి ఆయన నడుము ఒప్పుకోదు. కాబట్టి ఆ చప్పుడు పోవాలి. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి. మా ఆయన చూస్తే అసలు చప్పుడే లేదంటాడు. ఇలాంటి మనిషితో రిపేరు పని చేసి చూడండి, తెలుస్తుంది.

మొదట ప్లేటు మురికని అనుకున్నాను. కుంకుడు రసం బాగా పలచన చేసి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా తోమి, మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టాను. చిటపటలు పోయాయి, బుస పోలేదు.

తర్వాత బరువు. పెళ్లిపందిట్లో జనం గెంతులు వేస్తే నేల అదిరి ముల్లు ఎగిరిపోతుంది. అలా ఎగరకుండా తల మీద ఒక పావలా కాసు అంటించడం మా పనివాళ్లందరికీ అలవాటు. కాసు తీసి చూశాను, బుస పెరిగింది. బరువు చాలకపోతే ముల్లు గాడిలో కుదురుగా నిలవక గోడలకు కొట్టుకుంటుంది. రెండు కాసులు పెట్టి చూశాను. బుస కొంచెం తగ్గింది కానీ పాట ముగిసేసరికి ముల్లుకు నల్లటి పొడి పట్టింది. అది దుమ్ము కాదు, ప్లేటు పొడి. బరువు ఎక్కువై ముల్లు గాడినే చెక్కేస్తోంది. రెండో కాసు తీసేశాను.

అప్పుడు మా ఆయన పెద్ద సాయం చేశాడు. యాంప్లిఫయరు మీద సన్న ధ్వనులు పెంచి తగ్గించే ట్రెబుల్ బటన్ ఉంటుంది. దాన్ని పూర్తిగా కిందకి తిప్పి, “ఇగ సూడు, పోయిందేటి నీ బుస?” అన్నాడు. పోయింది. దాంతోపాటు తాళాలు పోయాయి, గాయని నోటి మీద దుప్పటి పడింది. ఏ మాట అంటోందో తెలియడం లేదు. ఆయన మాత్రం సంతోషంగా తల ఊపుతున్నాడు. బటన్ పైకి ఉన్నా కిందకి ఉన్నా ఆయన తల ఒకేలా ఊగుతోందని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఒళ్లు మండి బయటికి వచ్చేశాను.

చాందినీ బజారులో నిమాయ్ దా అని రేడియోలు బాగుచేసే బెంగాలీ ఆయన ఉండేవాడు. కొత్త ముల్లు కొనడానికి ఆయన దగ్గరికి వెళ్లాను. ముల్లు మార్చి వేస్తే మొదటి పాటలు ఇంకా బాగుపడ్డాయి, హారతి మాత్రం అలాగే బుస కొట్టింది. ఈసారి పెట్టెను రిక్షాలో ఎక్కించుకుని వెళ్లాను. నిమాయ్ దా ముల్లు చేతిని ఒకసారి లోపలికీ బయటికీ తిప్పి చూసి నవ్వాడు.

“బౌదీ, ఈ చేయి బిగించిన దాదా ఓడ దిగి వచ్చారా?” అన్నాడు. బౌదీ అంటే వాళ్ల భాషలో వదిన.

“అవును, ఓడ దిగే వచ్చినాడు. మీకెలగ తెలుసు?”

“నడిమి మీద నడిమి పెట్టారు. ఓడ పనికి మంచిదే,” అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. ప్లేటు ఒక చుట్టు తిరగడానికి అంచున ఎంత సేపు పడుతుందో లోపలా అంతే సేపు పడుతుంది. కానీ అంచు చుట్టు పెద్దది, లోపలి చుట్టు చిన్నది. బయట మూరెడు దారిలో పరిచిన మాటను లోపల జానెడు దారిలో కుక్కాలి. అందులోనూ ‘స’, ‘శ’ అన్నవి మరీ సన్నని, మరీ తొందర వంకరలు. బయట ముల్లు కొంచెం వాలి నడిచినా సర్దుకుపోతుంది. లోపలి ఇరుకులో వాలిందంటే గోడలను గీరుతుంది. ఆ గీరుడే బుస. ఇక చేయి చూస్తే మూలనున్న మొల చుట్టూ తలుపులా తిరుగుతుంది, కాబట్టి ముల్లు అన్నిచోట్లా గాడి వెంట సూటిగా ఉండలేదు. అందుకే తల దగ్గర చేతిని కొంచెం వంచి చేస్తారు. ఆ వంపు అక్కరకు రావాలంటే ముల్లు నడిమేకు నెత్తి మీద ఆగకూడదు. దాన్ని దాటి, దాదాపు చిటికెన వేలు మందాన అవతల పడాలి. అప్పుడు ముల్లు ప్లేటు మీద రెండు చోట్ల పూర్తిగా సూటిగా ఉంటుంది, మిగతా చోట్ల కొద్దిగానే వాలుతుంది.

ఒక అట్టముక్క మీద ఆ రెండు చోట్లకూ చుక్కలు పెట్టి, చుక్క మీదుగా గీతలు గీసి ఇచ్చాడు. అట్టను మేకుకు తొడిగి, ముల్లు మొనను చుక్క మీద ఆనించాలి. ముల్లు డబ్బీ పక్క అంచు గీతతో సమంగా ఉండాలి. రెండు చుక్కల దగ్గరా సమంగా వచ్చేదాకా డబ్బీని జరిపి మరలు బిగించాలి. అక్షరాలు లేవు కాబట్టి నాకు తేలిగ్గానే పట్టుబడింది. ఇంకో మాట కూడా చెప్పాడు. పాత ప్లేటులో హారతి గాడి ఇప్పటికే చెక్కుకుపోయింది, దాన్ని దేవుడు కూడా బాగుచేయలేడు, కొత్త ప్లేటు తెచ్చుకోమన్నాడు. ఆ కొత్తదాన్ని పాత బిగింపు మీద ఒక్కసారి కూడా వేయొద్దన్నాడు.

కొత్త ప్లేటు మా తమ్ముడు బరంపురం నుంచి తెచ్చాడు. నేను డబ్బీని అట్ట ప్రకారం ముందుకు జరిపి బిగించి, మా ఆయన లేనప్పుడు హారతి వేసి విన్నాను. ‘శ్రీ’ అంటే శ్రీ అనే వినబడింది. నాకు గరుకు గొంతు, పాడడం చేతకాదు, అయినా కూడా అందుకున్నాను. ప్లేటు తీసి బియ్యం డబ్బా వెనక దాచాను.

మూడో నాడు అంతగా అరగని పాత ప్లేటు ఒకటి వేస్తే లోపలి పాటలో మళ్లీ బుస వచ్చింది. వంగి చూస్తే ముల్లు మళ్లీ మేకు నెత్తి మీద ఉంది.

“దీన్ని ఎవులు కదిపినారు?” అన్నాను.

“నువ్వు కదిపినావు, నాను సరిసేసినాను,” అన్నాడాయన. “కళ్లు కనబడ్నేదేటే? బెత్తెడు దాటిపోయి ఉన్నాది.”

“దాటాలనే దాటించినాను.”

“హుక్కు గొయ్యి దాటి దిగుతాదేటి ఎక్కడైనా?”

“ఇది హుక్కు కాదు మావా, ముల్లు!”

“ఏదైనా నడిమి నడిమే.”

నేను మళ్లీ జరిపాను. ఆయన మళ్లీ సరిచేశాడు. పొరుగింటికి పప్పు రుబ్బుకోవడానికి వెళ్లి వచ్చేలోగా సరిచేసేవాడు. నేను ఒకటికి రెండుసార్లు పాట వేసి వినిపించాను. నా బిగింపు మీద, తర్వాత ఆయన బిగింపు మీద, ఆ పాత ప్లేటు లోపలి పాటే.

“రెండూ ఒకలాగే ఉన్నాయి,” అన్నాడు. “నీది వంకరగా కనబడతన్నాది, నాది సక్కగా ఉన్నాది. అంతే తేడా.”

“నీకు తేడా తెల్డం నేదా?”

“నాకు సెవులు నేవేటి?” అని గట్టిగా అరిచి బయటికి వెళ్లిపోయాడు. ఆయన అరిచే మనిషి కాదు. మొండితనానికి సిగ్గు కూడా తోడైందనుకున్నాను.

సంబరం వారంలోకి వచ్చింది. ఒక పొద్దున కొట్టు వెనక పంపు స్టవ్వు మీద అన్నం దించాను. ఆయన నా పక్కనే పీట మీద కూర్చుని ప్లగ్గుకు తీగ బిగిస్తున్నాడు. స్టవ్వు ఆర్పడానికి గాలి మర వదులు చేశాను. చాలా గాలి కొట్టి ఉన్నానేమో, స్స్స్ అని పెద్దగా వచ్చింది. గోడకవతల ఉన్న హసీనా బీబీ, “క్యా ఫట్ గయా దీదీ?” అని, ఏం పేలిందోనని కేక వేసింది. మా ఆయన తల ఎత్తలేదు. ఆయన మోకాలికీ స్టవ్వుకీ మధ్య జానెడు దూరం లేదు.

నేను మర ముయ్యకుండా అలాగే పట్టుకుని ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. గాలంతా అయిపోయింది. కాసేపటికి డాక్‌లో ఒక ఓడ భోం అని కూత పెట్టింది.

“ఏదో పెద్దదే వచ్చినాది,” అన్నాడు ఆయన, తల ఎత్తి.

లావు చప్పుళ్లు వినబడుతున్నాయి, సన్నవి వినబడడం లేదు. ట్యాంకుల్లో సుత్తెల కింద కూర్చున్నన్నాళ్లలో ఆ సన్న చప్పుళ్లన్నీ రాలిపోయాయి. చిప్పింగ్‌లో పనిచేసిన వాళ్లలో చాలామందికి ఇంతేనని తర్వాత తెలిసింది. ఆయన అబద్ధమాడలేదు. ఆయనకు మా పెట్టె ఎన్నడూ బుస కొట్టలేదు.

ఇది తెలిశాక నా కోపం తగ్గిందని చెబితే బాగుంటుంది గానీ తగ్గలేదు, ఇంకా పెరిగింది. మొండివాడైతే తిట్టొచ్చు. దీన్ని ఏమని తిట్టను? పోనీ కమిటీకి చెప్పనా? ‘పాము మైకు’ మహా అయితే ఒక ఏడాది పేరు. ‘చెవిటోడి మైకు’ చచ్చేదాకా పోదు. మైకువాడికి చెవులు లేవని తెలిశాక ఎవరు పిలుస్తారు? ఆయనతో అందామంటే ఆ అరుపు గుర్తొచ్చింది. కాబట్టి ఎవరికీ చెప్పకుండా, ఆయన చేయి పడకుండా, ముల్లు దాటి ఉండాలి.

నాకొక ఉపాయం తోచింది. ఆయన నడిమి ఎలా చూస్తాడు? చేతిని మేకు మీదికి తిప్పి చూస్తాడు. చేయి మేకు దాకా వెళ్లకపోతే చూడలేడు. తెగిపోయిన హవాయి చెప్పు రబ్బరు ముక్క కోసి, చేతి మొల పక్కన చిన్న ఇత్తడి మరతో బిగించాను. చేయి ప్లేటు మధ్యనున్న కాగితం అంచు దాకా వెళ్లి రబ్బరుకు తగిలి ఆగిపోతుంది. పాటలన్నీ ఆ లోపలే అయిపోతాయి కాబట్టి పనికి అడ్డం లేదు.

సాయంత్రం ఆయన వచ్చి చేతిని తిప్పాడు. ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు.

“ఇదేటి?”

“కొత్త మిషన్లకి ఇలగే ఆపు ఉంటాదంట. చేయి మరీ లోపలికి ఎల్లి ముల్లు మేకుకు తగిలితే ఇరిగిపోతాది.”

అందులో అబద్ధమేమీ లేదు.

“మరి నడిమి ఎలగ సూస్తాను?”

“సూడక్కర్నేదు.”

స్క్రూడ్రైవరు ఆయన చేతిలోనే ఉంది. ఆ మర విప్పడం ఆయనకు బీడీ ముట్టించుకున్నంత పని కూడా కాదు. రబ్బరు ముక్క వంక చూశాడు, నా వంక చూశాడు. స్క్రూడ్రైవరు డబ్బాలో పడేసి హారన్లు మోసుకుని వెళ్లిపోయాడు. విప్పకపోవడం ఆయన స్వభావం కాదు. నాకు అనుమానం వచ్చింది.

సంబరం రోజున పెట్టె కింద గోనెపట్టాలు మడిచి పరిచాను, నేల అదురు ముల్లుకు తగలకుండా. పెట్టె సమంగా ఉందో లేదో దాని మీద ఒక గిన్నెలో నీళ్లు పెట్టి చూసి, తీసేశాను. ట్రెబుల్ బటన్ మధ్యకు పెట్టాను. కొత్త ప్లేటును చీర కొంగులో చుట్టి తెచ్చుకున్నాను. హారతి వేళ అయింది. క్యాసెట్టువాడు కూడా ఎర్ర చొక్కా వేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కమిటీయే పిలిచిందని తెలుసు.

మా ఆయన స్తంభం దిగి, హారనుకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డాడు. ఎప్పుడూ అలాగే నిలబడేవాడు. మైకువాడు హారనుకు చెవి ఒగ్గి నిలబడాలి గానీ ఇదేం తీరని ఇన్నాళ్లూ నేనే వెక్కిరించాను. ఆయన వినడం లేదు. వింటున్న వాళ్ల మొహాలు చూస్తున్నాడు. హుక్కు దగ్గర నిలబడి క్రేను డ్రైవరు మొహం చూసినట్టు.

ముల్లు దించాను. గాయని శ్రీకారంతోనే ఎత్తుకుంది. ముందు వరసలో పోలయ్య చేయి పైకి లేచింది, చెవి దాకా వెళ్లింది. మా ఆయన కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి. పోలయ్య చెవి మీద బీడీ తీసి, అమ్మోరి ఎదుట ఉండకూడదనేమో, జేబులో పెట్టుకుని దండం పెట్టాడు.

ఆడవాళ్లు పాటతో గొంతు కలిపారు. పోయినసారి కలపలేదు. పాట అయిపోయాక ముల్లు ఎత్తాను. ఒక్క పిల్లవాడు పాత అలవాటు కొద్దీ బుస కొట్టబోతే వాళ్లమ్మ నెత్తి మీద ఒకటి ఇచ్చింది.

పోలయ్య పెట్టె దగ్గరికి వచ్చి, “ఈ ఏడు అమ్మోరు పాము మీంచి దిగినాదిరా సింహాద్రీ,” అన్నాడు. గేటు దగ్గర ఎర్ర చొక్కా కనబడలేదు.

జనం పలచబడ్డాక మా ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. తీగ కొస చుట్టుకుంటూ అడిగాడు.

“బుస కొట్నేదు కదా?”

“కొట్నేదు.”

“నాకెప్పుడూ కొట్నేదు,” అన్నాడు.

తన చెవుల సంగతి ఎప్పటి నుంచి తెలుసని నేను అడగలేదు. రబ్బరు ముక్క ఎందుకు విప్పలేదో మాత్రం తెలిసింది.

ఆ తర్వాత ముల్లు, బరువు, బిగింపు నా పని. హారన్లు, తీగలు, స్తంభాలు ఆయన పని. సన్న చప్పుడు గురించి ఏదైనా తేలాల్సి వస్తే జనం ముందే, “మా ఆపరేటర్ని అడగండి,” అనేవాడు. గొప్ప చెప్పుకుంటున్నట్టు అనేవాడు, ఎవరికీ అనుమానం రాలేదు. క్యాసెట్లు మాకూ వచ్చాయి, తర్వాత సీడీలు వచ్చాయి, ప్లేట్లు అటకెక్కాయి. కొట్టు అమ్మేశాక కూడా ఆ పెట్టెను ఆయన ఇంట్లోనే ఉంచుకున్నాడు. పోయిన రోజు పొద్దున దాని దుమ్ము తుడుస్తున్నాడు. హవాయి చెప్పు రబ్బరు ఎండి పొడి అయి రాలిపోయింది. చేయి అడ్డం లేకుండా మేకు మీదికి వెళ్లి, దాన్ని దాటి నిలబడింది. అప్పుడే ‘ముల్లు నడిమికే పడాలే’ అన్నాడు. వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అన్నాడో మొహం చూశాను గానీ తేలలేదు. అందుకే నేను నిజంగానే జవాబు చెప్పాను.

ఈ పనిలో నాకు పట్టుబడింది ఇది. హారతి దగ్గర బుస కొట్టిందని హారతి పాటను తిట్టి లాభం లేదు. కడగాలి, ముల్లు చూడాలి, బరువు చూడాలి, అప్పటికీ పోకపోతే ముల్లు నిలబడ్డ తీరు చూడాలి. కంటికి చక్కగా కనబడే బిగింపు చెవికి చక్కగా ఉండాలని లేదు. చెక్కుకుపోయిన గాడి మళ్లీ పూడదు. బిగించినవాడు బాగుందని చెబితే చాలదు, సన్న చప్పుడు వినగల మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోవాలి.

“పార్వతీ, కలం అప్పుడే మూసీకు. మొదట్నుంచి ఒక పాలి సదివి ఇనిపించమ్మా. మొదట్లో సదివినంత నిదానంగానే ఆకర్న కూడా సదువు. అక్కడికొచ్చేసరికి నలిపీకు.”